రేచీకటి, ధారణ, మెదడు చిత్రాలు: చిలకమర్తి జీవితాన్ని చదవడంలో ఒక పద్ధతి సమస్య

వ్యాస సంగ్రహం

చిలకమర్తి లక్ష్మీనరసింహం (1867–1946) చూపు కోల్పోవడం వల్లనే అసాధారణమైన ధారణ పొందారన్న అభిప్రాయం తెలుగు సాహిత్య ప్రసంగాల్లో స్థిరపడింది. ఇప్పుడు దానికి మెదడు చిత్రణ పరిశోధనలను సాక్ష్యంగా చూపే ధోరణి కనిపిస్తోంది. ఆ పరిశోధనలు నిజానికి ఎవరి గురించి, ఏ మేరకు చెబుతున్నాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. చిలకమర్తి ధారణను ఆయన కంటి జబ్బులో కాక, ఆయన పెరిగిన శ్రవణ సంస్కృతిలోనూ, ఆయనకు చదివి వినిపించినవారి, ఆయన చెప్పగా రాసినవారి శ్రమలోనూ వెతకాలని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: చిలకమర్తి, స్వీయచరిత్ర, రేచీకటి, ధారణ, అవధానం, లేఖకులు, వైకల్య అధ్యయనం.

1. ఉపోద్ఘాతం

గోదావరి జిల్లాల్లో చిలకమర్తి గురించి ఏ సభ జరిగినా ఒక మాట తప్పక వినిపిస్తుంది: కళ్లు తీసుకున్న దేవుడు ఆయనకు ధారణ ఇచ్చాడని. 'ఆంధ్ర మిల్టన్' అన్న బిరుదు ఆ మాటకు తోడుగా వస్తుంది. ఈ మధ్య ఆ మాటలో దేవుడి స్థానంలోకి మెదడు వచ్చి చేరింది. అంధుల మెదడులో చూపుకు సంబంధించిన భాగం ఖాళీగా ఉండిపోదని, వినికిడికీ జ్ఞాపకానికీ పనిచేస్తుందని ఎఫ్ఎంఆర్ఐ చిత్రాలు నిరూపించాయని, చిలకమర్తి ధారణకు శాస్త్రీయమైన కారణం అదేనని సదస్సుల్లో వింటున్నాం. తరగతిలో విద్యార్థులు కూడా అదే అడుగుతున్నారు.

పాత మాటను కొత్త మాట బలపరిచినట్టు పైకి కనిపిస్తుంది. నిజానికి రెండూ చేసే పని ఒకటే. ఒక రచయిత దశాబ్దాల సాధనను అవి ఆయన శరీరంలోని లోపానికి ఫలితంగా మార్చివేస్తాయి. మొదటిది భక్తి కాబట్టి దానితో వాదం పెట్టుకోనక్కరలేదు. రెండవది శాస్త్రం పేరిట వచ్చింది కనుక దాన్ని పరీక్షించవలసి ఉంది. సాహిత్య పరిశోధకుడు మరొక శాస్త్రం నుంచి ఆధారం తెచ్చుకున్నప్పుడు, ఆ ఆధారం ఏ షరతుల మీద నిలబడిందో కూడా వెంట తెచ్చుకోవాలి. మన ప్రసంగాల్లో లోపిస్తున్నది అదే.

2. రేచీకటి: లక్షణం ఒకటి, కారణాలు అనేకం

ఖండవల్లిలో 1867 సెప్టెంబరు 26న పుట్టిన చిలకమర్తికి చిన్ననాటి నుంచే రేచీకటి ఉండేది. పగటిపూట చూపు కూడా అంతంతమాత్రమే. వయసుతోపాటు అది తగ్గుతూ వచ్చి చివరికి పోయింది. 1944లో వెలువడిన 'స్వీయచరిత్రము' నాటికి ఆయన చూపు లేనివారు, మరొకరి చేత రాయించుకునేవారు. ఈ జబ్బు గురించి మనకు స్థూలంగా తెలిసినది ఇంతే. ఇందులో వైద్య పరీక్ష ఫలితం అనదగినది ఏదీ లేదు.

రేచీకటి ఒక జబ్బు పేరు కాదు, లక్షణం పేరు. మసక వెలుతురులో పనిచేసేవి కంటి రెటీనాలోని దండ కణాలు. అవి పనిచేయకపోవడానికి కనీసం మూడు దారులున్నాయి. విటమిన్ ఎ లోపం వల్ల వచ్చే రేచీకటి సరైన ఆహారంతో, మందుతో నయమవుతుంది. పుట్టుకతో వచ్చి, పెరగకుండా జీవితాంతం అలాగే ఉండిపోయేది మరొకటి. మూడవది రెటినైటిస్ పిగ్మెంటోసా. ఇది ఒకే జబ్బు కాదు, వంశపారంపర్యంగా వచ్చే కొన్ని రుగ్మతల సముదాయం. ఇందులో ముందుగా దండ కణాలు, తరువాత శంకు కణాలు క్షీణిస్తాయి. రాత్రి చూపు పోవడంతో మొదలై, దృష్టిక్షేత్రం అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటుంది. గొట్టంలోంచి చూసినట్టు మధ్యలో కొంత చూపు చాలాకాలం మిగులుతుంది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 4000 మందిలో ఒకరికి ఇది ఉంటుందని అంచనా. దీనికి కారణమైన జన్యుమార్పుల్లో మొదటిదాన్ని 1990లో రొడాప్సిన్ జన్యువులో గుర్తించారు. ఇప్పటికి ఆ జన్యువుల సంఖ్య 80 దాటింది.

చిన్ననాటి రేచీకటి, నడివయసు వరకు మిగిలిన పగటి చూపు, క్రమంగా అంధత్వం: ఈ క్రమం మూడవదానికి దగ్గరగా ఉన్న మాట నిజం. అయినా క్రమం పోలినంత మాత్రాన రోగ నిర్ణయం జరిగినట్టు కాదు. కంటిలోపలి పొరను చూసే ఆఫ్తాల్మోస్కోపు 1851 నాటికే ఉంది. దానితో ఒక వైద్యుడు ఆయన రెటీనాను చూసి రాసిన మాట మన ముందు ఉంటే కొంత ధైర్యంగా మాట్లాడవచ్చు. అది లేకుండా 'చిలకమర్తికి రెటినైటిస్ పిగ్మెంటోసా' అని పరిశోధన పత్రంలో రాయడం, ప్రతిలేఖనం చూడకుండా పాఠనిర్ణయం చేయడం వంటిది. మిల్టన్ విషయంలోనూ జరిగింది ఇదే. 1652 నాటికి ఆయన పూర్తిగా అంధుడయ్యారు. కారణం గ్లాకోమానా, రెటీనా ఊడిపోవడమా, మరొకటా అన్న చర్చ శతాబ్దాలు గడిచినా తేలలేదు.

అయితే ఈ సందేహం ఒక్కటే ఉంటే ఈ వ్యాసం అవసరం ఉండేది కాదు. చిలకమర్తిది ఆ జబ్బేనని వాదం కోసం ఒప్పుకుందాం. అప్పుడైనా మెదడు చిత్రాలు ఆయన ధారణను వివరిస్తాయా? అసలు ప్రశ్న ఇది.

3. ఆ చిత్రాలు ఎవరివి?

మన వక్తలు ఉదాహరించే పరిశోధనల్లో ముఖ్యమైనవి రెండు. 1996లో నొరిహిరో సదాతో బృందం పెట్ చిత్రణ ద్వారా, బ్రెయిల్ చదువుతున్న అంధులలో ప్రాథమిక దృశ్యవల్కలం చురుకుగా ఉండడాన్ని 'నేచర్' పత్రికలో ప్రకటించింది. 2003లో అమిర్ అమేది బృందం ఎఫ్ఎంఆర్ఐతో మరో అడుగు ముందుకు వేసింది. అంధులు మాటలను గుర్తుకు తెచ్చుకునేటప్పుడు కూడా ఆ భాగం స్పందిస్తోందని, ఆ స్పందన ఎక్కువగా ఉన్నవారు జ్ఞాపక పరీక్షల్లో మెరుగ్గా ఉన్నారని చూపింది. చిలకమర్తికి అతికించడానికి ఇంతకంటె అనువైన ఫలితం మరొకటి దొరకదు. అయితే ఆ పరీక్షలో పాల్గొన్నవారు పుట్టంధులు. వారి దృశ్యవల్కలం ఒక్కసారి కూడా చూపు పని చేసి ఎరగదు.

ఈ తేడా చిన్నది కాదు. చిన్నతనంలో చూపు పోయినవారికీ, పెద్దయ్యాక పోయినవారికీ మెదడు స్పందన ఒకేలా ఉండదని ఆ తరువాతి పనులు చూపాయి. దృశ్యవల్కలం స్పర్శకు అక్కరకు వచ్చే అవకాశం సుమారు 14 నుంచి 16 ఏళ్ల వయసు దాటాక బాగా తగ్గిపోతుందని 1999లో లియొనార్డో కోహెన్ బృందం, 2002లో మళ్లీ సదాతో బృందం రాశాయి. చిలకమర్తికి ఆ వయసులో రాత్రిచూపు లేదు గాని పగటిచూపు ఉంది. ఆయన బడికి వెళ్లారు, అక్షరాలు చూసి నేర్చుకున్నారు. పుట్టంధుల చిత్రాన్ని తెచ్చి ఆయన తలకు తగిలించడం కుదరదు.

మరి ఆయన జబ్బుకు దగ్గరగా ఉన్నవారి చిత్రాలు లేవా? ఉన్నాయి. కాని వాటిని మన సభల్లో ఎవరూ తలచరు. అవి అంత ఆకర్షణీయంగా ఉండకపోవడమే కారణం కావచ్చు. 2010లో యోఇచిరో మసుదా బృందం రెటినైటిస్ పిగ్మెంటోసా ఉన్నవారిని పరీక్షించింది. రెటీనా నుంచి సంకేతాలు అందని దృశ్యవల్కల భాగంలో, ఊరకే బొమ్మను చూస్తున్నప్పుడు స్పందన లేదు. ఆ బొమ్మను గురించి ఏదైనా పని అప్పగించినప్పుడు మాత్రం ఉంది. 2015లో వచ్చిన మరొక పరిశోధన, చూపు ఎంత తగ్గితే స్పర్శకు ఆ భాగం అంత ఎక్కువగా స్పందిస్తోందని చూపింది. ఇవి విలువైన ఫలితాలు. అయితే పరీక్షించినది కొద్దిమందిని. పరీక్షించిన విషయం చూపు, స్పర్శ. పద్యం ధారణ చేయడం గురించి గాని, విన్న ప్రసంగాన్ని గుర్తుంచుకోవడం గురించి గాని వీటిలో మాట లేదు.

పైగా ఎఫ్ఎంఆర్ఐ చిత్రం ఛాయాచిత్రం వంటిది కాదు. మెదడులో పని పెరిగినచోట రక్తంలోని ఆమ్లజని స్థాయిలో వచ్చే సూక్ష్మమైన మార్పును యంత్రం కొలుస్తుంది. రెండు స్థితుల మధ్య తేడా తీసి, సాధారణంగా పలువురి సగటు కట్టి, గణాంక పరీక్షలో నిలిచిన చోట రంగు వేస్తారు. ఎర్రగా వెలిగే ఆ మచ్చ ఒక వాదన, దృశ్యం కాదు. ఒక సమూహపు సగటును వెనక్కి నడిపించి, ఎన్నడూ పరీక్షించని ఒక వ్యక్తి ప్రతిభకు కారణంగా చెప్పడం ఆ శాస్త్రజ్ఞులు కూడా చేయని పని.

ఆ శాస్త్రంలోనే ఈ విషయంపై ఏకాభిప్రాయం లేదన్నది మరొక సంగతి. 2023లో తమర్ మేకిన్, జాన్ క్రాకవర్ 'ఈలైఫ్' పత్రికలో రాసిన విమర్శ తెలుగు పరిశోధకులు చదవదగినది. మెదడు ఒక భాగపు పనిని పూర్తిగా మార్చేసుకుంటుందన్న వాదనకు చాలాచోట్ల ఆధారం చాలదని, ఉన్న సామర్థ్యమే సాధనతో పదునెక్కడాన్ని మనం కొత్త నిర్మాణంగా పొరబడుతున్నామని వారు అంటారు. సాధన అన్న మాట దగ్గర మన విషయం మళ్లీ మన చేతికి వస్తుంది.

4. చూపున్నవారి ధారణ

2007లో నోవా రాజ్ బృందం పుట్టంధుల జ్ఞాపకశక్తిని పరీక్షించి, వారు ముఖ్యంగా పదాలను వరుస తప్పకుండా గుర్తుంచుకోవడంలో ముందున్నారని గమనించింది. నిత్యజీవితంలో వారికి ఆ నేర్పు అవసరం. ఒకే రకం డబ్బాలు వరుసగా ఉన్న అరలో ఏది ఎక్కడుందో చూపున్నవాడు కంటితో తేల్చుకుంటాడు. లేనివాడు వరుసను గుర్తుంచుకోవాలి. రోజూ చేసే పని శక్తిగా మారుతుంది. ఈ వివరణకు దేవుడూ అక్కరలేదు, దృశ్యవల్కలపు వింతలూ అక్కరలేదు.

వరుస తప్పని ధారణ అన్న మాట వినగానే తెలుగువాడికి గుర్తుకు రావలసింది అవధానం. చిలకమర్తి సమకాలికులు తిరుపతి వేంకట కవులు. వారిలో చెళ్లపిళ్ల వేంకటశాస్త్రి 1870లో పుట్టినది రాజమహేంద్రవరానికి కూతవేటు దూరంలోని కడియంలో. శతావధానంలో నూరుమంది పృచ్ఛకులు అడిగిన నూరు పద్యాలను పాదం పాదంగా అల్లి, చివర వరుసగా ఒప్పజెప్పాలి. ఈ పని చేసినవారు చూపున్నవారే. వారి ధారణకు ఏ లోపాన్నీ మనం కారణంగా వెతకలేదు. గురువు, అభ్యాసం, ఛందస్సు, సభ అన్నాం. చిలకమర్తి దగ్గరకు వచ్చేసరికి ఆ నాలుగూ మరచిపోయి, కన్నును పట్టుకున్నాం. ఒకే డెల్టాలో, ఒకే తరంలో, ఒకే రకం విద్య నేర్చినవారికి రెండు రకాల కారణాలు చెప్పడం పద్ధతి ప్రకారం నిలిచేది కాదు.

మెదడు చిత్రాలే కావాలంటే, ఈ వాదానికి దగ్గరి చిత్రాలు మన దేశంలోనే ఉన్నాయి. 2016లో జేమ్స్ హార్ట్‌జెల్ తదితరులు 'న్యూరోఇమేజ్' పత్రికలో, యజుర్వేదం కంఠస్థం చేసిన 21 మంది పండితుల మెదళ్లను అంతే సంఖ్యలో ఇతరులతో పోల్చారు. భాషకు, జ్ఞాపకానికి సంబంధించిన భాగాల్లోనే కాక, దృశ్య వ్యవస్థలోనూ నిర్మాణ భేదాలు కనిపించాయి. వల్లెవేతతో పెరిగిన ధారణకు ఈ చిత్రాలు ఎంత సాక్ష్యమో, ఆ భేదాలు వల్లెవేత వల్ల వచ్చాయా, ముందే ఉన్నాయా అన్నది ఒక్క పోలికతో తేలదన్న పరిమితీ అంతే ముఖ్యం. అయినా 'చూపు పోతేనే ధారణ' అన్న సమీకరణాన్ని సడలించడానికి ఇది చాలు.

1907 ఏప్రిల్‌లో రాజమహేంద్రవరం వచ్చిన బిపిన్ చంద్రపాల్ ఆంగ్ల ప్రసంగాలకు చిలకమర్తి తెలుగు చెప్పారు. సభలోనే ఆశువుగా చెప్పిన పద్యం నేటికీ వాడుకలో ఉంది. ఈ సంఘటనను ఆయన అద్భుత జ్ఞాపకానికి నిదర్శనంగా చూపుతారు. కాని అక్కడ పనిచేసినవి ఆంగ్ల విద్య, నాటకాలు రాసిన చేయి, ఉపాధ్యాయ వృత్తి, పద్యం నోట పలికే అలవాటు. అప్పటికి 'గయోపాఖ్యానము' రంగస్థలం మీద ఊరూరా తిరుగుతోంది. నాటకం వినబడడానికి రాసే ప్రక్రియ. గోదావరి తీరపు నాటక సమాజాల కోసం పద్యాలు రాసినవాడు చెవితో రాయడం నేర్చుకున్నది చూపు పోయాక కాదు.

ఇదే పొరపాటుకు మరొక రూపం ఆయన వర్ణనల్లో రంగులు, ఆకారాలు లెక్కపెట్టి చూపు జ్ఞాపకం ఎంత మిగిలిందో తేల్చాలనుకోవడం. చూపు పోయిన తరువాత దృశ్య జ్ఞాపకం ఏమవుతుందో ఒక సూత్రంగా చెప్పలేం. ఆలివర్ సాక్స్ 'ది మైండ్స్ ఐ'లో రెండు జీవితాలను పక్కపక్కన పెట్టారు. నడివయసులో అంధుడైన జాన్ హల్‌కు కొద్ది సంవత్సరాల్లో ముఖాలు, రంగులు మనసులోంచి కూడా చెరిగిపోయాయి. 21 ఏళ్లకు ప్రమాదంలో చూపు పోయిన జోల్తాన్ తోరే మాత్రం ఊహాదృశ్యాన్ని పట్టుదలతో పెంచుకుని, ఇంటి పైకప్పు కాలువలను తానే మార్చగలిగారు. ఇద్దరి లోపం ఒకటే, లోచూపు మాత్రం వేరు. పైగా చిలకమర్తి 'రాజస్థాన కథావళి' టాడ్ గ్రంథం ఆధారంగా వచ్చినది. రాజపుత్రుల కోటలను గోదావరి ఒడ్డున కూర్చున్న రచయిత, ఎంత చూపున్నవాడైనా, పుస్తకంలోనే చూడాలి.

5. సంజయుడి పని

అంధ పండితులను గౌరవంగా 'ప్రజ్ఞాచక్షువు' అంటాం. భారతంలో ఆ మాట ధృతరాష్ట్రుడికి విశేషణం. ఆ గౌరవ పదాన్ని వాడేటప్పుడు మనం సంజయుణ్ణి మరచిపోతాం. పద్దెనిమిది రోజుల యుద్ధం ధృతరాష్ట్రుడికి తెలిసినది ప్రజ్ఞ వల్ల కాదు, ఎదుట కూర్చుని చెప్పినవాడి వల్ల.

చిలకమర్తి చుట్టూ ఇటువంటి సంజయులు ఎందరో ఉండి తీరాలి. చదువుకునే రోజుల్లో తోటివారు చదువుతుంటే విని పాఠం పట్టుకున్నారు. 'మనోరమ', 'దేశమాత' పత్రికలు నడిపారు. పత్రిక అంటే ఉత్తరాలు, రాతప్రతులు, ప్రూఫులు. ప్రూఫు దిద్దడానికి జ్ఞాపకశక్తి చాలదు, కళ్లు కావాలి. అవి ఎవరివి? చూపు పోయిన తరువాతి రచనలు చెప్పి రాయించినవే. చెప్పి రాయించడంలో ఒక వాక్యం ఎక్కడ ఆగాలి, తిరిగి చదివినప్పుడు ఏది మార్చాలి, విన్న మాటను ఏ వర్ణక్రమంలో రాయాలి అన్న నిర్ణయాలన్నీ రచయిత ఒక్కడివే కావు. 'గణపతి' సంభాషణల్లోని వాడుక భాష గురించి మాట్లాడేటప్పుడు, ఆ నవల తరువాత ఆకాశవాణిలో నాటకంగా శ్రోతలను ఎందుకంత ఆకట్టుకుందో ఆలోచించేటప్పుడు ఈ ప్రశ్న పక్కన పెట్టదగినది కాదు.

తిక్కన చెబుతుంటే రాసిన గురునాథుడి పేరు కథగానైనా లోకంలో నిలిచింది. తిక్కనకు చూపు ఉంది, అయినా లేఖకుడు ఉన్నాడు. చెప్పి రాయించడం మన సంప్రదాయంలో వైకల్యానికి గుర్తు కాదు, రచనా పద్ధతి. చిలకమర్తి లేఖకుల పేర్లు మన సాహిత్య చరిత్రల్లో కనిపించడం అరుదు. చూపులేని రచయిత ఒంటరి వీరుడిగా నిలబడాలంటే పక్కనున్నవాళ్లు చిత్రంలోంచి తప్పుకోవాలి మరి. ధారణ కథ పెరిగినకొద్దీ లేఖకుడి శ్రమ కనుమరుగవుతుంది. మెదడు చిత్రం దానికి మరొక తెర.

దీని ప్రభావం సాహిత్య చరిత్రతో ఆగదు. రెటినైటిస్ పిగ్మెంటోసాతో చూపు తగ్గుతున్న ఒక విద్యార్థి మా తరగతిలో ఉన్నప్పుడు, పాఠాలు చదివి రికార్డు చేసి ఇచ్చే ఏర్పాటు కోసం అడిగితే నాకు వచ్చిన సమాధానం: 'వాళ్లకు జ్ఞాపకశక్తి ఎక్కువండీ, ఒకసారి వింటే చాలు.' అన్నవారు దయగలవారే. ఆ మాటను ఆయన చిలకమర్తి పాఠం నుంచే నేర్చుకున్నారు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం విద్యాసంస్థల మీద తగిన సౌకర్యాల బాధ్యత పెట్టింది. ఒకసారి వింటే చాలని నమ్మేచోట ఆ బాధ్యత ఎవరికీ గుర్తుకు రాదు. ఆ విద్యార్థికి చిలకమర్తి నచ్చలేదు. తనకు లేని శక్తి ఒకటి తనలో ఉండాలని ఆ పాఠం చెబుతున్నట్టు అనిపించిందట. ఈ వ్యాసానికి మొదలు ఆ మాటే.

మెదడు చిత్రణను సాహిత్య విమర్శ దూరం పెట్టాలని నేననడం లేదు. పుట్టుకతో వచ్చే లెబర్ అంధత్వానికి జన్యుచికిత్స పొందినవారిలో, ఏళ్ల తరబడి సరైన సంకేతాలు అందని దృశ్యవల్కలం మళ్లీ వెలుగుకు స్పందించిందని 2011 నాటి ఎఫ్ఎంఆర్ఐ పరిశోధన చూపింది. ఆ జబ్బులోని ఒక రకానికి 2017 డిసెంబరులో అమెరికాలో చికిత్స అనుమతి పొందింది. అక్కడ ఆ చిత్రానికి ఒక రోగి, ఒక జన్యువు, ఒక చికిత్స, ముందు వెనుకల పోలిక ఉన్నాయి. చిలకమర్తి విషయంలో మన దగ్గర ఉన్నవి ఒక స్వీయచరిత్ర, పత్రికల సంపుటాలు, ముద్రిత ప్రతులు, పీఠికలు. వాటిని అడగవలసిన ప్రశ్నలు వేరు. ఏ పుస్తకం నుంచి ముద్రణ దోషాల తీరు మారింది? ఏ పీఠికలో ఎవరికి కృతజ్ఞత ఉంది? దొరికిన రాతప్రతుల్లో ఎన్ని చేతివ్రాతలున్నాయి? రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయంలోని పాత ప్రతులతో ఈ పని మొదలుపెట్టవచ్చు. 'స్వీయచరిత్రము'ను మరొకసారి చదివి, అందులో ఆయనకు చదివి వినిపించిన ప్రతి మనిషి పేరునూ రాసుకోవడం అందులో మొదటి మెట్టు.